కాటన్ దొర పెరటి మడి

కడప నుంచి మైదుకూరు పోయే దారిలో ఖాజీపేట వస్తుంది. ఆ చుట్టుపక్కల పొలాలు కేసీ కాలువ కింద పండుతాయి. వరి, పసుపు, ఉల్లి ఎక్కువగా కనిపించే ఆ నేలలో అక్కడక్కడా అరెకరం, ఎకరం కూరగాయల మడులు కూడా ఉంటాయి. పశువుల ఎరువు, జీవామృతం, వేప కషాయం తప్ప పురుగుమందు డబ్బా ముట్టకుండా వాటిని సాగుచేసుకునే కుటుంబాలు ఇప్పుడు మన జిల్లాలో చాలాచోట్ల ఉన్నాయి. వానాకాలంలో బెండ, బీర, కాకర, గోరుచిక్కుడు. చలి మొదలయ్యాక చిక్కుడు, వంకాయ, టమోటా, ముల్లంగి. ఎండాకాలంలో బోరులో నీళ్లుంటే గోంగూర, తోటకూర, దోస. ఏ కాలంలో మడి ఏమిస్తే ఆ ఇంట అదే కూర. మిగిలింది సంతకు.

ఐగుప్తు దేశంలో కాలితో నీళ్లు కట్టి కూరతోటను తడిపేవారని మోషే ద్వితీయోపదేశకాండంలో ఇశ్రాయేలీయులకు గుర్తుచేస్తాడు. పట్నంలో ఉండేవారికి ఆ మాట అంత సులువుగా అర్థం కాదు గాని, మన రైతుకు వివరించనక్కరలేదు. మట్టికట్టను కాలితో తోసి, నీటి పాయను ఒక మడి నుంచి పక్క మడికి మళ్లించడం ఆయనకు రోజూ ఉండే పనే. భోజనానికి ముందు కళ్లు మూసుకుని దేవునికి స్తోత్రం చెప్పేటప్పుడు మనకు అన్నం గుర్తొస్తుంది, వండిన తల్లి చెయ్యి గుర్తొస్తుంది. నీళ్లు గుర్తు రావడం తక్కువ. ఆ నీళ్లు మన ఊరిదాకా ఎలా వచ్చాయో గుర్తు రావడం ఇంకా తక్కువ.

గోదావరి జిల్లాల్లో అలా కాదు. అక్కడ సర్ ఆర్థర్ కాటన్ పేరు పసిపిల్లలకు కూడా తెలుసు. ఊరూరా ఆయన విగ్రహాలున్నాయి. ఏటా మే 15న ఆయన పుట్టినరోజు జరుపుకుంటారు. గోదావరి స్నానానికి వచ్చినవారి చేత చెప్పించే సంకల్పంలో పురోహితులు ఆయన పేరు తలుచుకునే ఆచారం కూడా ఉందని చెబుతారు. మన సీమలో మాత్రం కాటన్ అంటే కోస్తావాళ్ల దొర అనే అనుకుంటాం. కేసీ కాలువ వెనుక ఉన్నది కూడా ఆయన ఆలోచనేనని చాలామందికి తెలియదు. అంతకన్నా తెలియనిది ఆయన ముసలితనం. నదులకు అడ్డుకట్టలు వేసిన ఆ మనిషి చివరి సంవత్సరాల్లో ఒక చిన్న తోటలో మట్టి తవ్విస్తూ, కంకులు చూసుకుంటూ గడిపారు. ఈ వారం ఆ జీవితాన్ని తలుచుకుందాం.

ఆర్థర్ కాటన్ 1803 మే 15న ఇంగ్లండులో పుట్టారు. పదకొండు మంది అన్నదమ్ముల్లో ఆయన పదవవారు. అంతమంది మగపిల్లలున్న ఇంట్లో ఎవరి బతుకుదారి వారు చూసుకోవలసిందే. పదిహేనేళ్ల వయసులో ఈస్టిండియా కంపెనీవారి సైనిక పాఠశాలలో చేరి ఇంజనీరింగు నేర్చుకున్నారు. 1821లో, పద్దెనిమిదేళ్ల కుర్రవాడిగా మద్రాసులో దిగారు. తరువాత బర్మా యుద్ధానికి వెళ్లివచ్చారు. యౌవనంలోనే ఆయనకు క్రీస్తునందు లోతైన విశ్వాసం కుదిరింది. బైబిలు, ప్రార్థన, ఆదివారపు విశ్రాంతి ఆయన జీవితాంతం విడిచిపెట్టలేదు. కంపెనీ కొలువులో డబ్బు కూడబెట్టుకుని స్వదేశం చేరాలని వచ్చినవారే ఎక్కువగా ఉన్న రోజులవి. నీళ్లమీద ఆయనకున్న పట్టుదలను తోటి అధికారులు పిచ్చి కింద జమకట్టేవారు.

ఆయన మొదటి పాఠశాల కావేరి. 1820ల చివరిలో తంజావూరు ప్రాంతపు నీటి పనులు ఆయన చేతికి వచ్చాయి. కావేరి నీళ్లు పక్కనున్న కొల్లిడం పాయలోకి జారిపోయి, కావేరి ఇసుకతో పూడిపోతోంది. తంజావూరు మాగాణి ఎండిపోయే ప్రమాదం వచ్చింది. ఇసుక నదిలో రాయి నిలవదు, పునాది దొరకదు అని ఇంజనీర్లు చేతులెత్తేశారు. అయితే అక్కడే, కళ్లెదుటే, చోళరాజు కరికాలుడు కట్టించాడని చెప్పే కల్లణై ఆనకట్ట వందల ఏళ్లుగా నిలిచి ఉంది. కాటన్ దాన్ని శ్రద్ధగా పరిశీలించారు. పాతకాలపువారు ఇసుకలో లోతు పునాది కోసం వెతకలేదు. పెద్ద బండలను ఇసుకలో వేసి, అవి కుంగినంత కుంగనిచ్చి, వాటిమీద మళ్లీ బండలు వేసుకుంటూ పోయారు. ఒక దశలో కుంగడం ఆగిపోతుంది. అదే పునాది. ఈ రహస్యం పట్టుకుని కాటన్ 1830లలో కొల్లిడం మీద ఆనకట్టలు కట్టారు. అవి నిలిచాయి.

ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. ఏలేవాడు ఏలబడేవాడి దగ్గర పాఠం నేర్చుకోవడం అరుదు. నేర్చుకున్నా బయటికి చెప్పుకోవడం ఇంకా అరుదు. కాటన్ మాత్రం వదులు ఇసుకలో పునాది వేసే విద్య తమకు ఈ దేశపు పూర్వీకులే నేర్పారని, గోదావరి, కృష్ణా ఆనకట్టలు ఆ పాఠం వల్లనే సాధ్యమయ్యాయని దాచుకోకుండా రాశారు. ఆదికాండంలో ఇస్సాకు కథ మనకు తెలిసిందే. ఫిలిష్తీయులు పూడ్చివేసిన తన తండ్రి బావులను మళ్లీ తవ్వించి, తండ్రి పెట్టిన పేర్లనే వాటికి పెట్టాడు. తన పేరు పెట్టుకుంటే అడిగేవారు ఎవరూ లేరు. కాటన్ చేసింది దాదాపు అదే పని.

తరువాత ఆరోగ్యం చెడి ఆస్ట్రేలియా ప్రాంతానికి వెళ్లవలసి వచ్చింది. అక్కడే 1841లో ఎలిజబెత్ లియర్‌మంత్‌ను పెళ్లాడారు. తిరిగి వచ్చేసరికి గోదావరి జిల్లా దీనావస్థలో ఉంది. 1832-33 నాటి నందన కరువు గుంటూరు నుంచి ఉత్తరాన అంతటా జనాన్ని ఊడ్చేసింది. గోదావరి జిల్లాలో 1821లో సుమారు 7.38 లక్షలున్న జనాభా 1841 నాటికి 5.61 లక్షలకు పడిపోయింది. ఇరవై ఏళ్లలో నలుగురిలో ఒకరు లేకుండా పోయారు. కొందరు చచ్చిపోయారు, కొందరు వలసపోయారు. అదీ ఏడాది పొడవునా నది పక్కనే పారుతుండగా. కాటన్‌ను కలచివేసింది ఈ సంగతే. నీళ్లు లేక చావడం ఒక ఎత్తు, నీళ్లు కళ్లముందే సముద్రంలో కలుస్తుంటే ఆకలితో చావడం మరో ఎత్తు.

ఆయన 1844లో ధవళేశ్వరం ఆనకట్టను ప్రతిపాదించారు. 1847లో పని మొదలైంది. పదివేల మంది కూలీలు, వందల మంది వడ్రంగులు, కమ్మరులు పనిచేశారు. మధ్యలో మూడు లంకలున్న నది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం దగ్గర నాలుగు పాయలు. వాటన్నిటికీ కలిపి మూడున్నర కిలోమీటర్లకు పైగా రాతికట్టు. కాటన్ ఎండదెబ్బకు జబ్బుపడి మధ్యలో సెలవు పెట్టవలసి వచ్చినా పని ఆగలేదు. 1852లో పూర్తయింది. ఆ పనిలో వీణెం వీరన్న అనే తెలుగు ఉద్యోగి ఆయనకు కుడిచెయ్యిగా నిలిచారు. కూలీలను సమకూర్చడం, వారితో పని నడిపించడం ఆయన చలవే. వీరన్న లేకుంటే ఆనకట్ట ఇలా సాగేది కాదని కాటన్ పైవారికి చెప్పారు. వీరన్నకు రాయ్ బహదూర్ బిరుదు దక్కింది. చోళుల పేరు చెప్పిన నోరే వీరన్న పేరూ చెప్పింది. కృతజ్ఞత ఆయనకు ప్రార్థనలో మాత్రమే పలికే మాట కాదని దీన్నిబట్టి తెలుస్తుంది. 1855లో విజయవాడ దగ్గర కృష్ణ మీద కూడా ఆనకట్ట పూర్తయింది.

కాటన్ కంపెనీ ప్రభుత్వపు సేవకుడే. ఆనకట్టల వల్ల రైతుకు అన్నంతోపాటు కంపెనీకి శిస్తు కూడా పెరిగింది. ఆ లెక్క చూపించే ఆయన తన పథకాలకు డబ్బు మంజూరు చేయించుకున్నారు. దీన్ని కప్పిపుచ్చవలసిన అవసరం లేదు. అయితే శిస్తు లెక్కలు రాసిన అధికారులు ఆనాడు వందల మంది ఉన్నారు. వారి పేర్లు ఏ స్నానఘట్టంలోనూ ఎవరూ తలుచుకోవడం లేదు.

ఇక మన కాలువ సంగతి. కాటన్ ఊహలో తుంగభద్ర, పెన్న, కృష్ణ వేర్వేరు నదులు కావు. వాటిని కాలువలతో కలిపి, పడవలు నడిపి, కరువు సీమలను తడపాలన్నది ఆయన కల. ఆయన వాదనల ప్రోత్సాహంతోనే ఇంగ్లండులో మద్రాస్ ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ ఏర్పడింది. కర్నూలుకు ఎగువన సుంకేసుల దగ్గర తుంగభద్రకు ఆనకట్ట కట్టి, అక్కడి నుంచి నంద్యాల మీదుగా పెన్న దాకా, కడప దాకా 300 కిలోమీటర్లకు పైగా కాలువ తవ్వారు. 1860లలో మొదలైన పని 1871 నాటికి ముగిసింది. అదే కర్నూలు-కడప కాలువ. మన వాడుకలో కేసీ కాలువ. ఆయన కన్న పెద్ద కలలో నిజమైన చిన్న ముక్క అది.

ఆ ముక్క కూడా మొదట్లో పరువు దక్కించుకోలేదు. ఖర్చు అంచనాలను మించిపోయింది. నల్లరేగడిలో జొన్న, పత్తి వేసుకునే రైతులు నీటితీరువా కట్టడానికి ముందుకు రాలేదు. కాలువ నిండా నీళ్లున్నా మడులకు పారలేదు. కంపెనీ దివాలా అంచుకు చేరింది. కాటన్‌కు వ్యతిరేకులు ఆయన అంచనాలన్నీ ఇంతేనని ఈ కాలువనే వేలెత్తి చూపించేవారు. అప్పుడు వచ్చింది 1876-78 నాటి ధాత కరువు. మన సీమలో ఆ పేరు ముసలివాళ్ల నోట తరాల తరబడి మిగిలిపోయింది. బళ్లారి, కర్నూలు, కడప జిల్లాల్లో జనం పిట్టల్లా రాలిపోయారు. ఆ కరువులో రైతులు కాలువ నీటి విలువ గ్రహించారు. అంతకుముందు వద్దన్న నీటి కోసమే పరుగెత్తుకొచ్చారు. పైన గోదావరి, కృష్ణా డెల్టాలలో పండిన ధాన్యం కరువు జిల్లాలకు తరలింది.

1878లో పార్లమెంటు కమిటీ ఎదుట కాటన్ నిలబడ్డారు. అప్పటికి ఆయనకు 75 ఏళ్లు. రైళ్లకు పోసిన డబ్బులో కొంత కాలువలకు పెట్టి ఉంటే ఇంతమంది చచ్చేవారు కాదని ఆయన ఎప్పటినుంచో మొత్తుకుంటున్నారు. ఎదురు ప్రశ్నలు చాలా వచ్చాయి. ఆయన వాదనను కమిటీ పూర్తిగా ఒప్పుకోలేదు. 1882లో ప్రభుత్వం ఆ కంపెనీ నుంచి కేసీ కాలువను కొనేసింది. లెక్కల పుస్తకంలో అది నష్టం కిందనే మిగిలింది.

పదిమంది కుష్ఠురోగులు బాగుపడితే ఒక్కడే తిరిగివచ్చి ప్రభువు పాదాల మీద పడ్డాడని లూకా సువార్త చెబుతుంది. ఆ కథను మనం ఎప్పుడూ తిరిగిరాని తొమ్మిదిమంది వైపు నుంచి వింటాం. ఇచ్చినవాడి వైపు నుంచి వింటే ఇంకోలా ఉంటుంది. తొమ్మిదిమంది రాకపోయినా ప్రభువు వారి స్వస్థతను వెనక్కి తీసుకోలేదు. కాటన్‌కు ప్రభుత్వం 1861లో సర్ బిరుదు ఇచ్చింది, 1866లో మరో గౌరవం చేసింది. కాని ఆయన కోరుకున్నది కాలువలు. అవి రాలేదు. అలాంటి మనిషి ముసలితనంలో చేదుగా మారిపోవడం సహజమే. ఆయన ఏంచేశారో చూడండి.

లండనుకు దక్షిణాన సర్రే కౌంటీలో డార్కింగ్ అనే చిన్న పట్నం ఉంది. మోల్ అనే చిన్న నది ఒడ్డున, కొండల పక్కన. కాటన్ దంపతులు తమ చివరి దశాబ్దాలు అక్కడ గడిపారు. వారి కుమార్తె ఎలిజబెత్ అక్కడే 1870లలో కూలీనాలీ చేసుకునేవారిని సారాయి దుకాణాల నుంచి తప్పించడానికి ఒక కాఫీ గదిని తెరిచి, సువార్త చెప్పేవారు. తరువాత లేడీ హోప్ పేరుతో ఆమే తండ్రి జీవితచరిత్రను రాశారు. ఇంటివారంతా ఇలాంటి పనుల్లో తలమునకలుగా ఉండేవారన్నమాట. కాటన్ ఒక చోట ఊరికే కూర్చునే మనిషి కాదు. డెబ్బై దాటాక అరబ్బీ భాష మీద పడి 1876లో దానికొక వాచకం కూడా అచ్చువేయించారు. కాలువల గురించి కరపత్రాలు రాయడం ఎలాగూ మానలేదు.

అన్నిటికన్నా మాకు నచ్చేది ఆయన తోట పని. నదులనే మళ్లించిన ఇంజనీరు ఇప్పుడు ఇంటి దగ్గర ఉన్న కాస్త నేల మీద దృష్టి పెట్టారు. గోధుమ వంటి పంటలను తానే దగ్గరుండి వేయించి పరీక్షించారు. నేలను పైపైన గీకకుండా లోతుగా తవ్వి గుల్లచేయాలి, అడుగు మట్టికి కూడా గాలి, నీరు అందాలి, అలా చేస్తే తక్కువ నేలలోనే ఎక్కువ పంట వస్తుంది, పెద్ద భూములు లేని పేదవాడు కూడా తన కుటుంబాన్ని పోషించుకోగలడు అన్నది ఆయన నమ్మకం. ఎనభై దాటాక, తొంభై దాటాక కూడా ఈ విషయం మీదే ఆయన రాస్తూ, చెబుతూ ఉండేవారు.

గోదావరికి అడ్డుకట్ట వేసిన చేతులకు ఇది చిన్న పనిగా కనబడలేదు. ఒక రకంగా అది పాత పనే. కావేరిలో ఆయన నేర్చుకున్నది కాళ్లకింద ఉన్న ఇసుకను తిట్టుకోకుండా దాని స్వభావాన్ని బట్టి నడుచుకోవడం. డార్కింగ్‌లో చేసింది కాళ్లకింద ఉన్న మట్టిని అలాగే చదవడం. దేవుడు ఇచ్చినదాన్ని పూర్తిగా వాడుకోకుండా లేదని ఏడవడం ఆయనకు గిట్టేది కాదు. అరణ్యంలో ఇశ్రాయేలీయులు ఐగుప్తు కీరకాయలను, ఉల్లిపాయలను తలుచుకుని ఏడ్చారు, అదీ రోజూ ఉదయం మన్నా కురుస్తూ ఉండగా. మనం కూడా డిసెంబరులో మామిడికాయ కావాలని, మే నెలలో చిక్కుడుకాయ కావాలని మార్కెట్టులో వెతుక్కుంటాం. చిక్కుడు పూత పట్టే కాలంలో చిక్కుడు తిని స్తోత్రం చెప్పడం మాత్రం మరిచిపోతున్నాం.

ఖాజీపేట పొలాల్లో ఎరువుమందులు లేకుండా కూరగాయలు పండించేవారికి కాటన్ ఆలోచన పూర్తిగా కొత్తది కాదు. మట్టి గుల్లగా, సజీవంగా ఉండాలన్నదే వారి మాట కూడా. తేడా ఒకటుంది. లోతుగా తవ్వమని కాటన్ అన్నారు. మన రాష్ట్రంలో 2016 నుంచి పెద్దఎత్తున సాగుతున్న ప్రకృతి వ్యవసాయంలో తవ్వడం, దున్నడం వీలైనంత తగ్గించమంటారు. నేలను ఆకులతో, గడ్డితో కప్పిఉంచి, ఆ గుల్లచేసే పనిని వానపాములకు అప్పగించమంటారు. పది కిలోల పేడ, పది లీటర్ల మూత్రం, రెండు కిలోల బెల్లం, రెండు కిలోల పప్పుపిండి, గట్టు మీది పిడికెడు మట్టి, 200 లీటర్ల నీళ్లు కలిపి జీవామృతం చేసుకుంటారు. అది ఎకరానికి సరిపోతుంది. ఈ విషయంలో మాకు మన రైతు పద్ధతే మేలనిపిస్తుంది, ముఖ్యంగా ఎండ మండిపోయే మన సీమలో. కాటన్ బతికి ఉంటే వాదించకుండా వచ్చి మడిలో కూర్చుని వానపాములను లెక్కపెట్టేవారేమో.

ఈ మడులకు కాలువ నీరు ఎప్పుడూ సమయానికి వస్తుందని చెప్పలేం. కడప వైపు ఉన్నది కాలువ చివరి ఆయకట్టు. పైన వాడుకోగా మిగిలింది కిందికి రావాలి. రాని ఏడాది బోరే దిక్కు. అందుకే వచ్చిన నీటిని వృథా చేయకుండా తక్కువ తడులతో బతికే కూరగాయలు వేసుకోవడం ఇక్కడి చిన్నరైతులకు అలవాటయింది.

రాయలసీమ సంఘాల్లో కోత పండుగ ఆచారం ఉంది. ఆ ఆదివారం గుడి బలిపీఠం ముందు గుమ్మడికాయలు, సొరకాయలు, అరటిగెలలు, పసుపు కొమ్ములు, కోడిపుంజు, కొత్త బియ్యం సంచి చేరతాయి. ఆరాధన అయ్యాక వేలంపాట. పది రూపాయల సొరకాయను ఒక పెద్దమనిషి వందకు పాడితే, మరొకరు నూటయాభై అంటారు. చివరికి దాన్ని గెలుచుకున్నవారే మళ్లీ గుడికి ఇచ్చేస్తారు, మళ్లీ పాట మొదలవుతుంది. వ్యాపారం తెలిసినవారికి ఇది పిచ్చిగా అనిపిస్తుంది. మడిలో నుంచి వచ్చింది తనది కాదని ఒప్పుకోవడానికి పల్లె విశ్వాసులు కనిపెట్టిన పద్ధతి ఇది. ఆ బల్ల మీద సొరకాయ పక్కన ఒక చెంబుతో కాలువ నీళ్లు కూడా పెడితే బాగుంటుందని మాకు ఎప్పటినుంచో ఒక ఆశ.

కాటన్ 1899 జూలై 24న డార్కింగ్‌లో ప్రభువునందు నిద్రించారు. అప్పటికి ఆయనకు 96 ఏళ్లు. ఆ ఊరి సమాధి తోటలోనే ఉన్నారు. పాత ధవళేశ్వరం ఆనకట్ట స్థానంలో తరువాత వచ్చిన బరాజ్‌కు ఆయన పేరే పెట్టారు. సుంకేసులలో కూడా పాత ఆనకట్ట పోయి కొత్త బరాజ్ వచ్చింది. కాలువ మాత్రం అదే. ఆయన కన్నుమూసిన జూలై చివరి వారం ఇంగ్లండులో గోధుమ పండే కాలం. ఇక్కడ తుంగభద్రకు వరద నీరు చేరే కాలం. కాలువకు ఎప్పుడు వదులుతారోనని ఖాజీపేట రైతులు బెండ విత్తనాలు నానబెట్టుకుని ఎదురుచూసే రోజులు కూడా అవే.